పేర్లు చదివి వినిపించాకే తీర్మానం

వార్డు సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

(నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పురపాలక సంఘాల్లో ఇరవై తొమ్మిదేళ్లు కమ్యూనిటీ ఆర్గనైజరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఉద్యోగిని ఈ శీర్షికలో జవాబులిస్తారు.)

ప్రశ్న: నేను నల్లగొండ రామగిరిలో ఉండే విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. ఆరు నెలలుగా అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ నగర కౌన్సిల్ సమావేశానికి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చని తెలిసి మొన్న వెళ్లాను. కేంద్ర ప్రభుత్వ డబ్బుతో నడిచే కిరాయి సహాయ పథకం మీద రాత్రి పది దాటేదాకా వాదించుకున్నారు. ఊరివాళ్లకు తలా మూడు నిమిషాలు ఇచ్చారు. ఆస్పత్రిలో గదులు తుడిచే ఒకామె లేచి, సహాయపత్రం చేతికొచ్చి నాలుగు నెలలైనా తనకు ఇల్లిచ్చే యజమాని దొరకలేదని చెప్పింది. ఒక ఇంటి యజమాని, తనిఖీ అయ్యేదాకా ఇల్లు ఖాళీగా ఉంచుకుంటే తనకు గడవదన్నాడు. మరొకాయన, ఇలాంటివి పెంచితే బయటి ఊళ్ల పేదలంతా ఇక్కడే చేరతారన్నాడు. చివరికి ఓటింగు వచ్చే సమావేశానికి వాయిదా పడింది. వాషింగ్టన్ ఇచ్చే డబ్బు మీద ఒక చిన్న ఊరికి ఇంత చర్చ దేనికి? పుట్టినప్పటి నుంచి నల్లగొండలో ఉన్నాను, పేదల ఇళ్ల గురించి మన కౌన్సిల్లో ఇలాంటి చర్చ జరిగిందని నేనెప్పుడూ వినలేదు. ఎందువల్ల?

జవాబు: సారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గదులు తుడిచే ఆమె మాట దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను. కాగితం చేతిలో ఉండి తల మీద కప్పు లేని ఆడవాళ్లను నేను ఉద్యోగమంతా చూశాను.

మీరు రాసిన వివరాలను బట్టి అది అక్కడ అందరూ ‘సెక్షన్ 8’ అని పిలిచే పథకం. 1937 నాటి అమెరికా గృహ చట్టంలో 1974లో చేర్చిన సెక్షన్ అది. అందులో ప్రభుత్వం ఇల్లు కట్టించి ఇవ్వదు. పేద కుటుంబం ఊళ్లో తనకు నచ్చిన కిరాయి ఇల్లు వెతుక్కుంటుంది. ఆదాయంలో దాదాపు 30 శాతం తాను కట్టుకుంటుంది. మిగిలిన కిరాయిని, ఒక పరిమితి వరకు, స్థానిక గృహ సంస్థ నేరుగా యజమానికి చెల్లిస్తుంది. లెక్కకు అనుకుందాం: నెలకు 1,500 డాలర్లు వచ్చే కుటుంబం 1,200 డాలర్ల ఇంట్లో చేరితే తన చేతి నుంచి 450 కడుతుంది, 750 సంస్థ కడుతుంది. ఈ డబ్బు 1965లో ఏర్పడిన కేంద్ర గృహ, పట్టణాభివృద్ధి శాఖ నుంచి వస్తుంది. సుమారు 23 లక్షల కుటుంబాలు దీని నీడన ఉన్నాయి. అయితే అర్హత ఉన్నవాళ్లందరికీ ఇవ్వాలనే హామీ చట్టంలో లేదు. కేంద్రం నుంచి కిరాయి సహాయం అందుతున్నది అర్హుల్లో సుమారు నలుగురిలో ఒకరికే. మిగతావారు జాబితాలో పేరు రాయించుకుని ఏళ్లతరబడి ఎదురుచూస్తారు. సంపన్న దేశం కూడా ఇంత దగ్గరికొచ్చి ఆగిపోయిందంటే నాకు బాధగానే ఉంది.

ఇక ఊరికి చర్చ ఎందుకంటే, డబ్బు కేంద్రానిదైనా ఇల్లు ఉండేది ఊళ్లోనే. ఈ సహాయపత్రంతో వచ్చినవాళ్లకు ఇల్లు ఇచ్చి తీరాలని కేంద్ర చట్టం యజమానులను బలవంతపెట్టదు. అందుకే కొన్ని రాష్ట్రాలూ నగరాలూ, సహాయపత్రం ఉందన్న కారణంతో కిరాయిదారును తిప్పి పంపకూడదని సొంతంగా చట్టాలు చేసుకున్నాయి. చిన్న ఇళ్లూ అపార్టుమెంట్లూ ఏ వీధిలో కట్టుకోవచ్చో తేల్చేది కూడా అక్కడి నగర పాలనే. ఇది కాక పట్టణాభివృద్ధికి కేంద్రం ఇచ్చే మరో గ్రాంటు ఉంది. అందులో కనీసం 70 శాతం తక్కువ, మధ్యస్థ ఆదాయం వాళ్లకు ఉపయోగపడాలి. ఆ డబ్బు దేనికి ఖర్చు పెడతారో చెప్పి, బహిరంగంగా జనం మాట వినాలన్నది కూడా షరతు. మీరు చూసిన మూడు నిమిషాలు ఎవరో దయతలచి ఇచ్చినవని అనుకోవద్దు.

బయటి పేదలు వచ్చిపడతారన్న పెద్దమనిషి మాట నాకు కొత్త కాదు. నల్లగొండలో గుట్ట కింద గుడిసెలకు నీటి కుళాయి ఇవ్వాలన్నప్పుడు ఇదే మాట విన్నాను. మిర్యాలగూడ మిల్లుల దగ్గర హమాలీల బస్తీకి దీపాలు వేయాలన్నప్పుడు కూడా విన్నాను. ఆస్పత్రి గదులు తుడుస్తున్న మనిషి ఇప్పటికే ఆ ఊరి మనిషి. ఆమె పొద్దున్నే వచ్చి పని చేస్తేనే ఆ పెద్దమనిషికి శుభ్రమైన మంచం దొరుకుతుంది. ఆమె రాత్రి ఎక్కడ పడుకుంటుందన్నది ఊరి ప్రశ్న కాదంటే నేను ఒప్పుకోను. యజమాని చెప్పినది మాత్రం వినదగ్గ మాట. తనిఖీ ఆలస్యమైతే ఆయన నష్టపోతాడు, ఆ నష్టానికి భయపడి రేపు ఇంకెవరికీ ఇవ్వడు. తనిఖీ వారంలో ముగిసేలా చూడమని గృహ సంస్థను కౌన్సిల్ అడగాలి. ఇద్దరి కష్టమూ ఒకే గదిలో వినపడింది కాబట్టే ఈ పరిష్కారం దొరికే అవకాశముంది.

మన దగ్గర ఎందుకు వినపడదన్నారు. రాజ్యాంగంలో లోపం లేదు సారూ. పట్టణ పాలక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. పన్నెండో షెడ్యూల్లో పట్టణాలకు అప్పగించదగ్గ పద్దెనిమిది అంశాలున్నాయి. మురికివాడల అభివృద్ధి, పట్టణ పేదరిక నిర్మూలన అందులోనివే. ఆచరణలో ఏం జరుగుతుంది? పథకం ఢిల్లీలోనో హైదరాబాదులోనో పుడుతుంది. సర్వే ఒక యాప్‌లో జరుగుతుంది. మంజూరు పైనుంచి వస్తుంది. డబ్బు లబ్ధిదారు ఖాతాలో పడుతుంది. ఖాతాలో నేరుగా పడటం మంచిదే, మధ్యలో చేతులు తగ్గాయి. కానీ ఈ దారిలో కౌన్సిల్ ఎక్కడుందని వెతికితే, ఎజెండాలో ఎక్కడో ఒక వరుసలో, ‘ఆమోదించడమైనది’ అన్న మాట దగ్గర కనిపిస్తుంది. పైగా చాలా పట్టణాల్లో పోయినసారి కౌన్సిళ్ల గడువు 2025 జనవరిలో ముగిసింది, ఆ తరువాత ప్రత్యేకాధికారులే నడిపారు. ఇందిరమ్మ ఇళ్ల జాబితాల మీద వార్డు సభలు జరిగింది సరిగ్గా ఆ నెలలోనే. జాబితా పుట్టే వేళకు ఎన్నికైన సభ్యులు గద్దె దిగుతున్నారు.

ఇంకో సంగతి. మన కౌన్సిల్ సమావేశంలో పౌరుడు లేచి మాట్లాడే పద్ధతి లేదు. ఆ లోటు తీర్చడానికే 2019 పురపాలక చట్టంలో ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టారు. యువకులకు ఒకటి, మహిళలకు ఒకటి, వయోవృద్ధులకు ఒకటి, ప్రముఖులకు ఒకటి, ఒక్కోదాంట్లో పదిహేను మంది. మీరు ఊరికి తిరిగొచ్చాక మీ వార్డు వయోవృద్ధుల కమిటీలో ఎవరెవరున్నారో అడగండి. నలభై ఏళ్లు పాఠం చెప్పిన గొంతు మీది. ఆ మూడు నిమిషాలు మీరే ఇక్కడ మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న: మాది జడ్చర్ల. మా ఆయన సుతారి పని చేస్తాడు. గుంపు మేస్త్రీతో పుణె వెళ్లాడు, ఉగాదికి వస్తాడు. ఇద్దరు పిల్లలతో రేకుల గదిలో నాలుగు వేల కిరాయికి ఉంటున్నాను. ఇందిరమ్మ ఇంటికి దరఖాస్తు పెడితే మీ పేరు ‘ఎల్ 2’లో ఉంది, స్థలం ఉంటేనే ఇల్లు అన్నారు. స్థలం కొనే శక్తి ఉంటే నేనెందుకు అడుగుతాను? కిరాయికి ఉండేవాళ్లకు ప్రభుత్వం ఏమీ ఇవ్వదా?

జవాబు: చెల్లెమ్మా, చివరి రెండు వాక్యాలు మీరు కౌన్సిల్ హాల్లో నిలబడి అడగవలసినవి.

ముందు ‘ఎల్ 2’ అంటే ఏమిటో చెబుతాను, దాన్ని చూసి మీరు ఆశ వదులుకున్నట్టున్నారు. సొంత స్థలం ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లు ఎల్ 1. స్థలమూ ఇల్లూ రెండూ లేనివాళ్లు ఎల్ 2. మిగతావాళ్లు ఎల్ 3. అంటే మీ దరఖాస్తును తిరస్కరించలేదు. మీరు అందరికంటే పేదవాళ్లని ఆ కాగితమే ఒప్పుకుంటోంది. ఒప్పుకున్నాక ముందు వరుసలో నిలబెట్టలేదు, అదే అన్యాయం. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఈ పథకం ఐదు లక్షల సాయాన్ని ముందుగా స్థలం ఉన్నవాళ్లతో మొదలుపెట్టింది. జాగా ఉన్నవాడికి ఇల్లు త్వరగా లేస్తుంది, లెక్క త్వరగా కనిపిస్తుంది. నాకు ఆ తొందర అర్థమవుతుంది. కానీ పాలమూరు నుంచి వెళ్లి దేశమంతా ఆనకట్టలూ రోడ్లూ భవనాలూ కట్టిన కుటుంబాలకు వారసత్వంగా వచ్చినది తాపీ, తట్ట. వాళ్లకు వంద గజాలు ఎక్కడి నుంచి వస్తాయి?

కిరాయిలో కొంత భాగం ప్రభుత్వం కట్టే పథకం మనకు లేదు. మిమ్మల్ని తిప్పుతూ ఆశపెట్టడం కంటే ఇది సూటిగా చెప్పడం మంచిది. 2024 సెప్టెంబరు 1న మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో దశలో నాలుగు దారులున్నాయి. సొంత జాగాలో కట్టుకోవడం ఒకటి. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టిన ఫ్లాటు తీసుకోవడం రెండోది. వలస కార్మికులకూ పని చేసే మహిళలకూ తక్కువ కిరాయికి ఇచ్చే ఇళ్లు కట్టించడం మూడోది. బ్యాంకు రుణం మీద వడ్డీ రాయితీ నాలుగోది. నాలుగోది మీకు అక్కరకు వచ్చేది కాదు, అడ్డా మీద కూలికి నిలబడేవాళ్లకు బ్యాంకులు గృహరుణం ఇవ్వడం నేను చూడలేదు. రెండూ మూడూ మీకోసం పెట్టినవే. అవి మీ ఊరికి రావాలంటే పురపాలక సంఘం స్థలం చూపించి ప్రతిపాదన పంపాలి. పంపారా, లేదా? ఈ ప్రశ్న కాగితం మీద రాసి అడగండి, నోటితో అడిగితే నోటితోనే పోతుంది.

అర్హతలు కూడా రాసిపెట్టుకోండి. అత్యల్ప ఆదాయ వర్గానికి కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షలు దాటకూడదు. దేశంలో ఎక్కడా మీ ఇంట్లో ఎవరి పేరునా పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ గృహ పథకం కిందా ఇల్లు పొంది ఉండకూడదు. రాష్ట్రం 560 చదరపు అడుగులతో కట్టించిన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు స్థలం లేనివాళ్లకోసమే. కట్టి కూడా పంచకుండా తలుపులూ కిటికీలూ పాడైపోయిన సముదాయాలు రాష్ట్రంలో ఉన్నాయి. మీ ఊళ్లో ఖాళీగా ఉన్నవి ఎన్ని అన్నది మీరు అడగవలసిన రెండో ప్రశ్న.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. దరఖాస్తు రెండు ప్రతులు రాసుకెళ్లండి, రెండోదాని మీద నంబరు వేయించుకోకుండా బయటికి రావద్దు. సర్వేకు వచ్చినవాళ్లు తలుపు తాళం చూసి ‘అందుబాటులో లేరు’ అని రాసి వెళ్లిపోవడం వలస కుటుంబాలకు జరిగే పెద్ద దెబ్బ. మీరు పనికి వెళ్లే వేళల్లో ఎవరైనా వస్తే చెప్పమని పక్కింటివాళ్లకు మీ ఫోను నంబరు ఇచ్చి ఉంచండి. వార్డు ఆఫీసరు నంబరు మీ దగ్గర ఉంచుకోండి. ఇల్లు మారితే ఆ వారమే కొత్త చిరునామా రాసిచ్చి, దానికీ రశీదు తీసుకోండి. కిరాయి ఇంట్లో ఉండేవాళ్లు ఏడాదికోసారి ఇల్లు మారుతారు, జాబితా మాత్రం పాత గుమ్మం దగ్గరే వాళ్లను వెతుకుతుంది.

ప్రశ్న: నాన్న పేరున 80 గజాలుంది. ముగ్గురు అన్నదమ్ములం. ఇందిరమ్మ ఇల్లు ఎవరి పేరున అడగాలి? మంచి ముహూర్తం ఉంది, పునాది ముందే తీయవచ్చా? (మిర్యాలగూడ)

జవాబు: మంజూరు కాగితం రాకముందు గునపం వేయకండి. ఖాళీ స్థలానికి ఫొటో తీసి ఉపగ్రహ గుర్తింపు పెట్టాకే లెక్క మొదలవుతుంది. ముందే పునాది ఉంటే పాత ఇల్లని రాసే ప్రమాదం ఉంది. ఇంకో ముహూర్తం చూసుకోండి. ఇల్లు ఇంటి ఆడవాళ్ల పేరున అడగండి, నియమమూ అదే, న్యాయమూ అదే. 80 గజాలంటే 720 చదరపు అడుగులు, అందులో మూడు ఇళ్లు లేవవు. నాన్నగారు ఉండగానే ఎవరికి రాస్తారో రాయించి, మిగతా ఇద్దరి సమ్మతి కాగితం తీసుకోండి. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు. 600 దాటించారని బిల్లులు ఆగిపోయిన కుటుంబాలున్నాయి, మేస్త్రీ ఎంత చెప్పినా పెంచవద్దు. మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాకే పడుతుంది. కాబట్టి బేస్‌మెంట్ వరకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో అన్నదమ్ములు ముందే మాట్లాడుకోండి. ఆ మొదటి డబ్బుకోసం నూటికి మూడు, ఐదు వడ్డీకి అప్పు తెచ్చి సాయమంతా వడ్డీకే పోగొట్టుకున్నవాళ్లను చూశాను. పొదుపు సంఘంలో మీ ఇంటి ఆడవాళ్లెవరైనా ఉంటే ముందు అక్కడ అడగండి.

ప్రశ్న: నేను పాలమూరు వైపు ఒక చిన్న పట్టణంలో కొత్తగా గెలిచిన కౌన్సిలర్‌ని. వయసు ముప్పై ఒకటి. వచ్చే సమావేశం ఎజెండాలో ఇళ్ల లబ్ధిదారుల జాబితా అంశం ఉంది. పార్టీలతో సంబంధం లేకుండా సభ్యులంతా ‘వార్డుకు ఇన్ని పేర్లు మాకివ్వండి, అంశం పాస్ చేద్దాం’ అంటున్నారు. నేను అడ్డుచెబితే నా వార్డుకే ఇళ్లు రావని భయపెడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, మీ వయసులో ఉన్నప్పుడు నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఊరి పేరు రాయను, ఆ మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు.

2002 అనుకుంటాను. బస్తీ పేదలకు ఇళ్లిచ్చే వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన కొత్తగా వచ్చింది. సగం సబ్సిడీ కేంద్రానిది, మిగతా సగం రాష్ట్రం చూసుకోవాలి. మా ఊరికి అరవై ఇళ్లు వచ్చాయి. కౌన్సిల్లో ఆ అంశం ముగియడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. తలా కొన్ని పేర్లు ఇచ్చుకున్నారు, అరవై నిండాయి. బల్లలు చరిచారు. ఫారాలు నింపడానికి ఆ కాగితం పట్టుకుని బస్తీకి వెళ్లింది నేను. మొదటి పేరు మనిషికి బజారులో రెండంతస్తుల ఇల్లుంది. నాలుగో పేరు మనిషి ఆ ఊళ్లోనే ఉండడు. నూనె మిల్లు వెనక తాటాకు గుడిసెలో ముగ్గురు పిల్లలతో ఉన్న ఒక తట్ట మోసే ఆమె, భర్త పరంజా మీది నుంచి పడి చనిపోయిన మనిషి, నన్ను చూసి ‘నా పేరుందా మేడం’ అని అడిగింది. లేదు. ఆమె నన్ను తిట్టలేదు. చెంబుతో నీళ్లిచ్చింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ చెంబు నాకు గుర్తుంది.

ఆ కౌన్సిల్లో మొదటిసారి గెలిచిన ఒక దళిత మహిళా సభ్యురాలు ఉండేది. చదువు ఐదో తరగతి. ఆమె దగ్గరికి వెళ్లి చూసింది చూసినట్టు చెప్పాను. ఉద్యోగిగా నేను చేయదగిన పనేనా అంటే, ఇప్పటికీ చేయదగినదే అంటాను. తరువాతి సమావేశంలో పాత తీర్మానం చదివి ఖరారు చేసేటప్పుడు ఆమె లేచింది. ‘ఈ అరవై పేర్లు బస్తీలో చదివి వినిపించండి. విన్నాక ఎవరూ కాదనకపోతే నా వేలు పట్టి సంతకం పెట్టించండి. అప్పటిదాకా నేను ఒప్పుకోలేదని పుస్తకంలో రాయండి’ అంది. మూడు వాక్యాలు. అధ్యక్షుడు కోప్పడ్డాడు, ఒకరిద్దరు నవ్వారు. కమిషనరు మాత్రం కలం పట్టుకుని రాశాడు. అసమ్మతి పుస్తకంలో పడిందంటే రేపు ఆడిట్ వాళ్లూ కలెక్టరూ అడుగుతారని ఆయనకు తెలుసు.

మీరు అడగవలసింది ఆ ఒక్క మాట. మీ వార్డుకు ఎన్ని అని అడగవద్దు. ఆ బేరంలో చేరారంటే మిగతా వార్డుల్లో ఏం జరిగినా మీకు నోరుండదు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది, ఆమెకు లేని ఆయుధం మీకుంది. సెక్షన్ 4(1)(బి)లో పన్నెండో అంశం చదవండి. సబ్సిడీ పథకాలు ఎలా అమలు చేస్తున్నారో, ఎంత కేటాయించారో, లబ్ధిదారులెవరో ఎవరూ అడగకముందే కార్యాలయం తనంతట తాను ప్రకటించాలి. ఆ వాక్యం ఒక కాగితం మీద రాసుకెళ్లి సమావేశంలో చదవండి. దాని తరువాత తిరస్కరించిన దరఖాస్తుల జాబితా, పక్కన కారణంతో సహా అడగండి. ఉన్న పేర్ల కంటే తీసేసిన పేర్లలోనే ఊరి సంగతి బయటపడుతుంది.

స్థలం గురించి కూడా అడగాలి. పురపాలక సంఘం ఆస్తుల రిజిస్టరులో ఏయే సర్వే నంబర్లున్నాయి, వాటిలో ఎన్ని ఆక్రమణలో ఉన్నాయి, ఇళ్లు లేని కిరాయిదారులకు ఎంత ఇవ్వగలం? పార్కుకు వదిలిన జాగాలు మాత్రం ముట్టవద్దు. పేద పిల్లలకు ఆడుకోవడానికి అవి తప్ప ఏమీ లేవు. ఊరికి ఐదారు కిలోమీటర్ల దూరంలో గుట్ట పక్కన కాలనీ వేస్తామంటే, బస్సు ఎన్ని గంటలకు, నీళ్లు ఎక్కడి నుంచి అని అప్పుడే నిలదీయండి. నాలుగిళ్లలో పాచిపని చేసే ఆడమనిషి పొద్దున్నే ఆరింటికి అక్కడి నుంచి ఎలా వస్తుంది? రాలేక ఇల్లు కిరాయికిచ్చి మళ్లీ ఊళ్లో రేకుల గదిలో చేరుతుంది. అప్పుడు అందరూ ‘ఇల్లిస్తే అమ్ముకున్నారు’ అని ఆమెనే అంటారు.

అప్పటి మన నల్లగొండ జిల్లాలోనే ఇలాంటిది పెద్ద ఎత్తున జరిగింది కదా. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు దళిత కుటుంబాలు తమకు ఎనభై ఎకరాలు కావాలని అడిగాయి. నలుగురిలో అడిగారు, ఎంత కావాలో లెక్క చెప్పి అడిగారు. నలుగురిలోనే ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలిస్తానన్నాడు. ఆ తరువాత భూదాన భూములు ఏమయ్యాయన్నది వేరే కథ, అందులో కన్నీళ్లు చాలా ఉన్నాయి. కానీ ఆ సాయంత్రం అడగడం చాటుగా జరిగి ఉంటే ఆ వంద ఎకరాలు కూడా వచ్చేవి కావు.

భయపెడుతున్నారన్నారు. మీ అసమ్మతి రాతలో ఉంటే మీ వార్డును పక్కన పెట్టడం వాళ్లకే కష్టమవుతుంది, కారణం చెప్పవలసి వస్తుంది కాబట్టి. ఒంటరిగా లేవకండి. మహిళా సభ్యుల్లో ఇద్దరితో ముందే మాట్లాడండి. వాళ్ల దగ్గరికి బస్తీ ఆడవాళ్లు రోజూ వస్తారు, జాబితాలో తప్పులు వాళ్లకు మీకంటే ముందే తెలిసి ఉంటాయి.

మా ఊరి సంగతి పూర్తి చేయలేదు. ఆదివారం సాయంత్రం వేపచెట్టు కింద రెండు బెంచీలు వేసి, మైకు పెట్టి, పేర్లు నేనే చదివాను. మొదట ఎవరూ మాట్లాడలేదు. రెండంతస్తుల ఇంటాయన పేరు చదివినప్పుడు ఒక ముసలామె మెల్లగా, ‘ఆ అయ్యకు ఇల్లెందుకు బిడ్డా’ అంది. అంతే. చీకటి పడ్డాక పెట్రోమాక్స్ తెప్పించారు. పదకొండు పేర్లు పోయాయి. తొమ్మిది చేరాయి, నూనె మిల్లు వెనక ఆమె పేరు అందులో మొదటిది. మిగిలిన రెండిటికి పేర్లు చెప్పబోతే బస్తీవాళ్లే వద్దన్నారు. తాళాలు వేసి బొంబాయికి మట్టి పనికి వెళ్లిన రెండు కుటుంబాలున్నాయి, ఉగాదికి వస్తాయి, అప్పటిదాకా ఆగండన్నారు. రెండు వరుసలు ఖాళీగా ఉంచి జాబితా పంపాం. ఖాళీ వరుసలేమిటని పైనుంచి కాగితం తిరిగొచ్చింది. కమిషనరు కారణం రాసి మళ్లీ పంపాడు. ఉగాది మరునాడు ఆ ఇద్దరూ బస్సు దిగి నేరుగా ఆఫీసుకు వచ్చారు, పిల్లల కాళ్లకు ఇంకా బొంబాయి బురద ఉంది.

మీ సమావేశం తేదీ నాకు రాయండి.